తీర్పు చెప్పడం మానుకున్న జడ్జి గారు

“సార్, మీరే చెప్పండి. మీరెట్లా చెప్తే అట్లా.”

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా, కోర్టు మధ్యవర్తిత్వానికి పంపిన కక్షిదారుల నోట మొదటి అరగంటలోనే ఈ మాట వస్తుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన రిటైర్డ్ జడ్జి అని తెలిస్తే ఇంకా త్వరగా వస్తుంది. ముప్పై ఏళ్లు తీర్పులు రాసిన మనిషికి అంతకంటే పెద్ద ప్రలోభం ఉండదు. ఫైలు తిరగేస్తే ఎవరిది న్యాయమో ఆయనకు గంటలో తెలిసిపోతుంది. కానీ చెప్పకూడదు. చెప్పిన క్షణం ఆయన మధ్యవర్తి కాకుండా పోతాడు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు ఊళ్ల కోర్టుల్లో వకాల్తాలు వేస్తున్నవాణ్ణి. ఒకప్పుడు నేను ఎవరి ముందు నిలబడి వాదించానో, ఆ జడ్జి గారి పక్కనే మధ్యవర్తిత్వం బల్ల దగ్గర కూర్చునే సందర్భాలు ఈమధ్య వచ్చాయి. ఆయన పేరు రాయను. ఆయన చేస్తున్న పనికి గోప్యతే ప్రాణం. కానీ ఆ పని ఏమిటో మన జిల్లాల్లో చాలామందికి, కొత్తగా వచ్చిన జూనియర్లతో సహా, సరిగ్గా తెలియదు. ఈ వ్యాసం అందుకే.

చిక్కు మన మాటలోనే మొదలవుతుంది. తెలుగులో ‘మధ్యవర్తిత్వం’ అని ఒకే మాటతో రెండు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. ఒకటి ఆర్బిట్రేషన్. అక్కడ కూర్చునేవాడు రెండు వైపులా విని తానే నిర్ణయం చెబుతాడు, అది ఇద్దరినీ కట్టిపడేస్తుంది. ఆ మాటకొస్తే అది ప్రైవేటు కోర్టు. రెండోది మీడియేషన్. ఇక్కడ కూర్చునేవాడికి నిర్ణయించే అధికారం రవ్వంత కూడా లేదు. ఇద్దరి మధ్య మాట నడిపిస్తాడు. నిర్ణయం వాళ్లది. 2021 డిసెంబరులో హైదరాబాదులో ప్రారంభమైన అంతర్జాతీయ కేంద్రం ఈ రెండు పనులూ చేస్తుంది, పేరులోనూ రెండూ ఉన్నాయి. మన పత్రికలు మాత్రం ‘అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం’ అని ఒక్క మాటతో సరిపెట్టాయి. దాంతో “మధ్యవర్తి దగ్గరికి వెళ్తే ఆయన చెప్పిందే ఖాయం” అనే భయం ఒకరికి, “ఆయనే తేల్చేస్తాడు” అనే ఆశ ఇంకొకరికి. రెండూ పొరపాటే.

లోక్ అదాలత్ మూడో సంగతి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద, 1995 నుంచి నడుస్తున్నది. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో, అంటే అమలు చేయించుకోగల కోర్టు ఉత్తర్వుతో, సమానం, దానిమీద అప్పీలు లేదు, కోర్టు పంపిన కేసైతే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. అయితే ఒకే రోజులో వందల ఫైళ్లు నడిచే చోట ఒక్కో కుటుంబంతో మూడు గంటలు కూర్చోవడం ఎవరి తరమూ కాదు. మోటారు ప్రమాదాల పరిహారం, చెక్ బౌన్స్ వంటి లెక్క తేలే కేసులకు అది బాగా పనికొస్తుంది. లోక్ అదాలత్ బెంచీ మీద జడ్జి ఉన్నా సరే, తనంతట తాను తీర్పు చెప్పే అధికారం దానికి లేదని 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. దీనికి మినహాయింపు శాశ్వత లోక్ అదాలత్. రవాణా, విద్యుత్తు, బీమా వంటి ప్రజోపయోగ సేవల వివాదాల్లో, కోటి రూపాయల లోపు అయితే, రాజీ కుదరకపోతే అది నిర్ణయం కూడా చెప్పగలదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం.

ట్రయల్ జడ్జి ఉద్యోగం మున్సిఫ్ కోర్టుతో మొదలవుతుంది. ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి అంటున్నారు గానీ మన పల్లెల్లో ఇంకా అది మున్సిఫ్ కోర్టే. అక్కడి నుంచి సబ్ కోర్టు, తర్వాత జిల్లా కోర్టు. కొన్నేళ్లకోసారి బదిలీ. హైకోర్టు జడ్జీలు ఎక్కువగా కాగితాలను చూస్తారు, ట్రయల్ జడ్జి మనుషులను చూస్తాడు. బోనులో నిలబడ్డ సాక్షి గొంతు ఎక్కడ తడబడిందో, ఏ ప్రశ్నకు వకీలు వైపు చూశాడో ఆయనకు కనిపిస్తుంది. సాక్షి నడవడిక గురించి రికార్డులో రాసుకునే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆయనకిచ్చింది. ఎప్పుడు ఏ ప్రశ్నైనా అడిగే అధికారం సాక్ష్య చట్టం ఇచ్చింది. ముప్పై ఏళ్లలో ఇన్ని వేల ముఖాలు చదివిన కన్ను రిటైర్ అయ్యాక వృథా పోకూడదు కదా.

కానీ అదే కన్ను అడ్డం కూడా పడుతుంది. జడ్జి వినేది తేల్చడానికి. మధ్యవర్తి వినాల్సింది తెలుసుకోవడానికి. ఇష్యూలు, అంటే తేల్చాల్సిన ప్రశ్నలు, రాసుకుని, వాటికి సంబంధం లేనిదాన్ని “అది ఇక్కడ అవసరం లేదు” అని ఆపేయడం జడ్జికి చేతి అలవాటు. మధ్యవర్తిత్వంలో ఆ అవసరం లేని మాటలోనే కేసు దాగి ఉంటుంది. అందుకే ఎంత పెద్ద జడ్జి అయినా సరే, మధ్యవర్తి కావాలంటే 40 గంటల శిక్షణ తీసుకోవాలన్నది సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వ కమిటీ పెట్టుకున్న పద్ధతి. ఆ 40 గంటల్లో కొత్త చట్టాలేమీ నేర్పరు. ఎక్కువ భాగం, నోరు ఎప్పుడు కట్టుకోవాలో నేర్పుతారు.

లోపల ఏం జరుగుతుందో చెప్పాలంటే నిజమైన కేసు చెప్పకూడదు. అందుకని మన ప్రాంతపు కేసుల్లో పదేపదే కనిపించే ముడులన్నీ కలిపి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల తోతాపురి మామిడి తోట, ఒక బోరు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు, తల్లి అంతకు ముందే పోయింది. పెద్దకొడుకు తోటలోనే ఉంటాడు. చిన్నకొడుకుకు చెన్నైలో ఉద్యోగం. కూతురిని పలమనేరు ఇచ్చారు. మూడో వంతు కావాలని ఆమె భాగపరిష్కార దావా వేసింది.

పెద్దకొడుకు జవాబు: “1998లోనే పంపకాలైపోయినాయి, పెద్దమనుషులు కాగితం రాసినారు. ఆడబిడ్డకు పసుపు కుంకుమ కింద ఇయ్యాల్సింది ఇచ్చినాము.”

చట్టం ఏమంటుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లితో పనిలేకుండా దేశమంతటా ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకం చెల్లుతుంది, కానీ అది రిజిస్టరు అయినా అయ్యుండాలి, కోర్టు డిక్రీ అయినా ఉండాలి. నోటి పంపకం జరిగిందంటే అంత తేలిగ్గా ఒప్పుకోవద్దని, ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారం ఉంటేనే అరుదుగా చూడాలని కూడా అదే తీర్పు చెప్పింది. రిజిస్టరు కాని ఆ పంపకం కాగితంతో పెద్దకొడుకు గట్టెక్కడం కష్టం. తోట తండ్రి స్వార్జితమైనా, పిత్రార్జితమైనా, ఈ కుటుంబంలో లెక్క మూడో వంతు దగ్గరే ఆగుతుంది.

అంటే చెల్లెలు గెలుస్తుంది. సరే, గెలిచి ఏం చేస్తుంది?

జడ్జిగా ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ఉపయోగపడేది ఇక్కడే. డిక్రీ తర్వాత ఏం జరుగుతుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మొదట వచ్చేది ప్రాథమిక డిక్రీ, అది వాటా ఎంతో చెబుతుందంతే. దానిమీద అప్పీలు, ఆపైన చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటే హైకోర్టులో రెండో అప్పీలు. 2019 జనవరి 1 నుంచి అది అమరావతి ప్రయాణం. అది దాటాక తుది డిక్రీ కోసం ఇంకో పిటిషను. కోర్టు కమిషనరు సర్వేయరుతో వచ్చి గొలుసు వేస్తాడు. రిపోర్టు మీద మళ్లీ అభ్యంతరాలు. తుది డిక్రీ వచ్చాక అమలు పిటిషను, అదే మనం ఈపీ అనేది. ఆఖరుకు కోర్టు ఉద్యోగి అమీనా వచ్చి భూమి అప్పగించాలి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు ఊరకే అనలేదు. భారతదేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే రాసింది. నూటయాభై ఏళ్లు దాటాక, 2025లో సుప్రీంకోర్టు లెక్క తీయిస్తే దేశవ్యాప్తంగా పెండింగులో ఉన్న అమలు పిటిషన్లు 8.8 లక్షలకు పైగా తేలాయి. ఇవన్నీ గెలిచినవాళ్ల ఫైళ్లే.

పోనీ అన్నీ దాటి అమీనా వచ్చాడే అనుకుందాం. నాలుగెకరాలను మూడు చీలికలు చేస్తే బోరు ఒక చీలికలో పడుతుంది. కరెంటు సర్వీసు పెద్దకొడుకు పేరున ఉంది. నీళ్లు లేని రెండు చీలికల్లో చెట్లు ఎన్నేళ్లు నిలబడతాయి? మన చిత్తూరు నేలలో కొత్త బోరు వేయడమంటే ఏమిటో రైతుకు చెప్పనక్కర్లేదు. చట్టం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైన తీర్పు, తోటను మాత్రం ఎండబెడుతుంది.

ఇప్పుడు మధ్యవర్తిత్వం గదిలోకి వెళ్దాం. వేదిక లేదు, బంట్రోతు కేకలు లేవు. ఒక బల్ల, చుట్టూ ఒకే ఎత్తు కుర్చీలు. జడ్జి గారు మొదట చెప్పే మాట ప్రతిసారీ ఒకటే: “నేనిక్కడ తీర్పు చెప్పను. మీ మీద ఏదీ రుద్దను. రాజీ అవుతుందని మాట కూడా ఇవ్వను.” ఇది మర్యాద కోసం చెప్పేది కాదు. మధ్యవర్తి ఈ సంగతి కక్షిదారులకు స్పష్టంగా చెప్పి తీరాలని 2023 మధ్యవర్తిత్వ చట్టం రాసుకుంది. ఆ తర్వాత మా వకీళ్ల కట్టలు మూయించి, ఎఫ్‌ఎంబీ పటం, అంటే పొలం కొలతల సర్వే పటం, ఒక్కటి బల్ల మీద పరిపిస్తారు. గట్టు ఎక్కడ, దారి ఎక్కడ, బోరు ఎక్కడ అని పెద్దకొడుకు వేలితోనే చూపించమంటారు. తర్వాత అదే పటం చెల్లెలి ముందుకు జరుపుతారు. “అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఏ చెట్టు కింద ఆడుకున్నావో చూపించు.” కోర్టు హాల్లో ఈ ప్రశ్న అడిగితే అవతలి వకీలు లేచి అభ్యంతరం చెప్పేవాడు.

ఆమె తూర్పు వరస చూపిస్తుంది. నాటేటప్పుడు నాయనతో కలిసి తానూ బిందెలతో నీళ్లు మోసిందట. పెద్దకొడుకు తల వంచుకుంటాడు. అతనికి ఆ సంగతి తెలుసు.

తర్వాత విడివిడిగా మాట్లాడతారు. ఒకరు చెప్పింది వాళ్ల అనుమతి లేకుండా అవతలివారికి చేరదు. అక్కడ కుదరకపోతే, లోపల అన్న మాట ఏదీ కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు, మధ్యవర్తిని సాక్షిగా పిలవడానికి వీల్లేదు. ఈ రక్షణ వల్లే, కోర్టుకిచ్చిన జవాబులో ఎన్నడూ రాయని మాట పెద్దకొడుకు నోటి నుంచి వస్తుంది: “మూడుసార్లు బోరేసినా సార్. రెండు ఎండిపోయినాయి. నాయన ఆస్పత్రి ఖర్చంతా నేనే పెట్టినా. అది ఎవురూ అడగరు.” కోర్టులో ఆ ఖర్చుకు బిల్లులేవి, అది తోట విభజనకు ఎట్లా సంబంధం అని అడుగుతారు. ఇక్కడ దాన్ని ఒకరు విన్నారు. విన్నాక అతని గొంతు తగ్గుతుంది. నేను చూసినంతలో, రాజీలు సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతాయి.

ఈ గదుల్లో తరచూ వినిపించే ఇంకో మాట ఉంది. “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” వరసిద్ధి వినాయకుడి ముందు, కోనేట్లో తడిసి వచ్చి చేసే ప్రమాణానికి మన జిల్లాల్లో ఉన్న బరువు బయటివాళ్లకు అర్థం కాదు. చట్టం కూడా ఒకప్పుడు దీన్ని పట్టించుకుంది. 1873 నాటి ప్రమాణాల చట్టం కింద, “అవతలివాడు ఫలానా ప్రత్యేక ప్రమాణం చేస్తే కట్టుబడతాను” అని ఒక కక్షిదారుడు ఒప్పుకుంటే, అట్లా చేసిన ప్రమాణం అతని మీద తిరుగులేని రుజువయ్యేది. 1969లో వచ్చిన కొత్త చట్టంలో ఆ ఏర్పాటు లేదు. జడ్జిగా ఉన్నప్పుడు ఆయన ఆ మాటను పక్కన పెట్టేవారు. మధ్యవర్తిగా పక్కన పెట్టరు, అట్లాగని ఇద్దరినీ కాణిపాకం బస్సు ఎక్కించరు కూడా. “ప్రమాణం చేయమంటున్నావంటే, ఏదో ఒక్క మాట ఆమె నోట వినాలని ఉంది నీకు. అదేంది?” అని అడుగుతారు. చాలాసార్లు అది డబ్బు సంగతి కాదు. ‘అన్న మోసం చేసినాడు’ అని ఆమె ఊళ్లో అన్న మాట.

బేరం దగ్గరికి వచ్చేసరికి జడ్జి అనుభవం మళ్లీ ముందుకొస్తుంది. తోట చీల్చకుండా పెద్దకొడుక్కే ఉంచి, చెల్లెలి వాటా డబ్బుగా నాలుగేళ్లలో కట్టేట్టు, తమ్ముడి వాటాకు కౌలు ఇచ్చేట్టు, రోడ్డు పక్కన పెద్దకొడుకు సొంతంగా కొన్న స్థలంలో పది సెంట్లు చెల్లెలికి ఇచ్చేట్టు వాళ్లలో వాళ్లే ఒక ఒప్పందానికి వచ్చారనుకుందాం. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మా వకీళ్లకు కూడా సంతకాల తొందర. అప్పుడు ఆయన ప్రశ్నలు మొదలవుతాయి. “వాయిదా ఏ నెలలో కడతావు?” జనవరి అంటే ఒప్పుకోరు. తోతాపురి కోతలు జూన్, జూలైలో. పల్ప్ ఫ్యాక్టరీ డబ్బు చేతికి రావడానికి ఇంకొంత సమయం. “ధర పడిపోతే?” 2025లో ధర ఎట్లా కూలిందో, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని లెక్క కట్టాల్సిన గతి ఎట్లా పట్టిందో మన రైతులు మర్చిపోలేదు. అలాంటి ఏడాది వాయిదా సగానికి తగ్గి మిగతా సగం మరుసటి ఏడాదికి జరగాలని ఒక షరతు చేరుతుంది. కట్టలేని వాయిదా రాసుకుంటే ఏమవుతుందో, ఆ ఈపీలు విని విని ఆయనకు తెలుసు.

ఇంకొక్కటి. ఆ పది సెంట్లు దావా షెడ్యూలులో, అంటే దావాలో చూపిన ఆస్తుల జాబితాలో, లేవు. దావాలో ఉన్న ఆస్తి మీద రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, షెడ్యూలులో లేని స్థిరాస్తి రాజీలోకి వస్తే దానికి రిజిస్ట్రేషన్ కావాలి. ఇది తప్పిపోయి పదేళ్ల తర్వాత బ్యాంకులోనో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనో బయటపడిన కాగితాలను నేను చూశాను. ఆయన కళ్లుగప్పి అది పోదు.

ఇంత చెప్పినా, ప్రతి తగాదా ఈ గదికి రావాలని నేను అనను. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 89ని 1999 సవరణతో పెట్టి 2002 జూలై 1 నుంచి అమలు చేశారు. ఏ కేసులు పంపవచ్చో, ఏవి కూడదో 2010లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఫోర్జరీ వంటి తీవ్రమైన మోసాలు, క్రిమినల్ ప్రాసిక్యూషన్లు, మైనర్ల మీద, దేవుళ్ల మీద క్లెయిములు దీనికి తగవు. 2023 చట్టం కూడా మైనర్ల మీద, దేవుళ్ల మీద క్లెయిములను, క్రిమినల్ ప్రాసిక్యూషన్లను తన జాబితాలో పెట్టి, పన్నులు, భూసేకరణ కూడా చేర్చింది. తిరుపతి చుట్టుపక్కల ఇది చిన్న విషయం కాదు. మన చట్టంలో దేవుడు ఆస్తి కలిగిన వ్యక్తి, పైగా ఎప్పటికీ మైనరు లాంటివాడు. దేవుడి మాన్యం మీద ఎవరో ఇద్దరు కూర్చుని సర్దుకుంటామంటే కుదరదు.

నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెట్టేది భార్యాభర్తల కేసులు. దెబ్బలు తిన్న అమ్మాయి ఎదుట నెరిసిన జుట్టుతో, జడ్జి అన్న పేరుతో ఒక పెద్దాయన కూర్చుంటే, “సర్దుకుపోమ్మా” అన్న ఒక్క మాట ఆమెకు తీర్పులాగే వినిపిస్తుంది. ఊరి పెద్దమనుషుల పంచాయతీలో జరిగిన తప్పే మళ్లీ ఇక్కడ, ప్రభుత్వ గదిలో జరుగుతుంది. మంచి మధ్యవర్తి ముందే ఆమెతో విడిగా మాట్లాడి, భయం ఉందని తెలిస్తే కేసును వెనక్కి పంపేస్తాడు. రాజీ కాలేదని రాస్తాడే తప్ప ఎందుకు కాలేదో రాయడు. రాజీల సంఖ్యతో మధ్యవర్తి పనితనాన్ని కొలవడం నాకు నచ్చని పద్ధతి.

2023 చట్టానికి సెప్టెంబరు 14న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అక్టోబరు 9న అందులో కొన్ని సెక్షన్లనే అమల్లోకి తెచ్చారు. 120 రోజుల్లో ముగించాలి, కావాలంటే ఇంకో 60 రోజులు అని గడువు రాసుకుంది. వ్యాపార తగాదాల దారి వేరు. పల్ప్ ఫ్యాక్టరీకి సరుకు పోసి డబ్బు రాని వ్యాపారి, బకాయి 3 లక్షలు లేదా అంతకు మించి ఉండి, అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే, దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. అది తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వెళ్లకుండా వేసిన దావా మొదట్లోనే కొట్టివేతకు గురవుతుంది.

మీ కేసు ఇప్పటికే కోర్టులో ఉంటే, మధ్యవర్తిత్వానికి పంపమని మీ వకీలు చేత ఒక మెమో వేయించవచ్చు. కేసు ఇంకా వేయకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. వకీలు ఫీజు పోతుందని మావాళ్లు కొందరు ఈ దారి చెప్పరు. అది మా వృత్తికి మంచిది కాదు.

మళ్లీ ఆ తోట దగ్గరికి. ఒప్పందం తెలుగులోనే రాస్తారు. ఒక్కో షరతూ జడ్జి గారు పైకి చదువుతారు, దాన్ని వాళ్ల సొంత మాటల్లో తిరిగి చెప్పమంటారు. చెల్లెలు ఐదు షరతులూ చెప్పి ఆగుతుంది. “ఇంకొకటి రాయండయ్యా. ఏటా కోతలప్పుడు తూర్పు వరస కాయలు ఒక గంప మా ఇంటికి పంపాల.” వకీళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఏ డిక్రీలోనూ ఇలాంటి షరతు చూడలేదు. ఆయన ఆరో అంకె వేసి రాస్తారు. “పంపేది ఎవరు?” అని అడుగుతారు. “నేనే తీస్కపోతా,” అంటాడు పెద్దకొడుకు.

సంతకాలయ్యాక కాగితం కోర్టుకు వెళ్తుంది. అక్కడి జడ్జి ముగ్గురినీ ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారా అని అడిగి, రాజీ డిక్రీ ఇస్తారు. దానిమీద అప్పీలు లేదు. ఇక్కడ గదిలో, అందరూ వెళ్లిపోయాక, మూడు సిట్టింగుల్లో తాను రాసుకున్న కాగితాలను ఆయన ఒక్కొక్కటిగా చించి చెత్తబుట్టలో వేస్తారు. ముప్పై ఏళ్లు సాక్షి అన్న ప్రతి మాటనూ రికార్డు చేయించిన మనిషి ఆయన.